గుడ్లగూబలు: సందేహాలు, సమాధానాలు

2017లో విశాఖపట్నంలో తీసిన ఒక చిన్న వీడియో దేశదేశాల్లో ప్రచారం పొందింది. నిర్మాణంలో ఉన్న ఒక భవనంలో మూడు వింత ప్రాణులు గోడవారగా నిటారుగా నిలబడి ఉన్నాయి. సన్నని పొడవైన కాళ్లు, పలుచని తెల్లని నూగు, తమలపాకు ఆకారంలో ముఖం, అందులో రెండు నల్లని కళ్లు. చూసినవారిలో చాలామంది అవి ఇతర గ్రహాల నుంచి దిగిన జీవులని నమ్మారు. నిజానికి అవి గుడ్లగూబ పిల్లలు. తెలుగు నాట ఊరూరా పాత మేడల్లో, గుడి గోపురాల్లో, ధాన్యపు కొట్టాల్లో తరతరాలుగా కాపురముంటున్న పక్షి సంతానాన్ని ఆ ఊరి జనమే గుర్తుపట్టలేకపోయారు.

దీనిలో ఆశ్చర్యపడవలసింది ఎక్కువ లేదు. గుడ్లగూబను గురించి అందరూ మాట్లాడతారు, తేరిపార చూసినవారు మాత్రం తక్కువ. అది రాత్రి తిరిగే పక్షి. దాని పేరు వినగానే దుశ్శకునమని చెవులు మూసుకునే అలవాటు కూడా ఉంది. అందుచేత దానిని గురించిన ప్రశ్నలు ఏళ్ల తరబడి ప్రశ్నలుగానే మిగిలిపోయాయి. గుడ్లగూబకు పగలు కళ్లు కనబడవా? తలను పూర్తిగా వెనక్కు తిప్పగలదా? ఇంటిమీద అరిస్తే కీడు జరుగుతుందా? నేలమీద దొరికిన పిల్లను ఏం చేయాలి? ఇవి సామాన్యులు తరచుగా అడిగే ప్రశ్నలే. పక్షిశాస్త్రం వీటికి స్పష్టమైన సమాధానాలను చెబుతుంది.

గుడ్లగూబ అనేది ఒకే పక్షి పేరు కాదు. ప్రపంచంలో సుమారు 250 జాతుల గూబలున్నాయి. భారతదేశంలో 36 జాతులు కనిపిస్తాయి. శాస్త్రవేత్తలు వీటన్నింటినీ రెండు కుటుంబాలుగా విభజించారు. తమలపాకు వంటి ముఖం, నల్లని కళ్లు గల తెల్లగూబ, దాని బంధువులు ఒక కుటుంబం. గుండ్రని ముఖం గల తక్కిన గూబలన్నీ రెండవ కుటుంబం. విశాఖపట్నంలో కనబడినవి మొదటి కుటుంబానికి చెందిన తెల్లగూబ పిల్లలు. ఈ తెల్లగూబనే కొన్ని ప్రాంతాలవారు చావుపిట్ట అంటారు. అది చేసిన పాపమల్లా రాత్రివేళ కీచుమని అరవడమే.

తెలుగువారికి బాగా పరిచయమైన మరొక గూబ పైడికంటి. పైడి అంటే బంగారం. గోధుమవన్నె శరీరంపై తెల్లని చుక్కలతో, పసుపు పచ్చని కళ్లతో ఉండే ఈ చిన్న పక్షి గోరింకకంటె కాస్త లావుగా ఉంటుంది. దాని పొడవు ఇరవై సెంటీమీటర్లకు కొంచెం ఎక్కువ. చింతచెట్ల తొర్రల్లో, పాత గోడల కన్నాల్లో జంటగా నివసిస్తుంది. మనిషిని చూస్తే పారిపోకుండా తలను పైకీ కిందికీ ఆడిస్తూ కళ్లప్పగించి చూస్తుంది. తెలంగాణ, రాయలసీమ ప్రాంతాల రాతిగుట్టల్లో వీటికంటె చాలా పెద్దదైన గూబ ఉంటుంది. దాని తలపై రెండు కొమ్ముల వంటి ఈకల కుచ్చులు నిలబడి ఉంటాయి. చాలామంది వాటిని చెవులనుకుంటారు గాని వినికిడికీ వాటికీ సంబంధం లేదు. ఇక కొండవాగుల ఒడ్డున చేపలు, పీతలు, కప్పలు పట్టి తినే చేపల గూబ వేరు. దాని కాళ్లకు ఈకలుండవు. జారిపోయే చేపను ఒడిసిపట్టడానికి అరికాళ్లు గరుకుగా ఉంటాయి. చలికాలంలో ఉత్తర దేశాల నుంచి వలస వచ్చి గడ్డి బీళ్లలో నేలమీదనే విశ్రమించే గూబ కూడా ఒకటుంది.

సంస్కృత నిఘంటువులు ఈ పక్షికి పెట్టిన పేర్లను పరిశీలిస్తే పూర్వులు దానిని ఎలా చూశారో తెలుస్తుంది. ఉలూకం, ఘూకం, పేచకం, కౌశికం అనేవి కొన్ని. దివాంధం అంటే పగటి గుడ్డిది. దివాభీతం అంటే పగటికి భయపడేది. వాయసారాతి అంటే కాకులకు శత్రువు. కాకులకూ గూబలకూ గల వైరం పంచతంత్రంలో కాకోలూకీయమనే తంత్రానికి కథావస్తువైంది. మహాభారతం సౌప్తిక పర్వంలో అశ్వత్థామ మర్రిచెట్టు కింద మేలుకొని ఉండి, నిద్రిస్తున్న కాకులను ఒక గూబ చంపడం చూస్తాడు. పాండవ శిబిరంపై రాత్రివేళ దాడి చేయాలనే ఆలోచన అతనికి అక్కడే పుడుతుంది. మరొకవైపు వంగదేశంలో అదే పక్షి లక్ష్మీదేవికి వాహనం. కణాదుని వైశేషిక దర్శనానికి ఔలూక్య దర్శనమని పేరు. ప్రాచీన గ్రీకులు గూబను జ్ఞానదేవతకు ప్రియమైన పక్షిగా భావించారు. ఒకే పక్షి ఒకచోట సంపదకూ, ఒకచోట విద్యకూ, మరొకచోట చావుకూ గుర్తుగా మారిందంటే ఆ గుర్తులు మనుషులు తగిలించినవే తప్ప పక్షిలో ఉన్నవి కావని గ్రహించాలి.

వాయసారాతి అనే పేరులో మంచి పరిశీలన ఉంది. పగటిపూట గూబ కంటబడితే కాకులు, ఏట్రింతలు గుంపుగా చేరి అరుస్తూ, పొడుస్తూ తరుముతాయి. రాత్రి తమకు ముప్పు తెచ్చేది ఎవరో వాటికి బాగా తెలుసు. కాని దివాంధమనే పేరు సరైనది కాదు. గూబలు పగలు చక్కగా చూడగలవు. వాటి కంటిపాప చీకట్లో బాగా విచ్చుకుంటుంది, వెలుతురులో చిన్నదైపోతుంది. పగలు అవి రెప్పలు సగం వాల్చి కూర్చుంటాయి కనుక చూసేవారు గుడ్డివనుకున్నారు. పైడికంటి పగటివేళ కూడా తొర్ర అంచున కూర్చుని ఎండ కాగుతుంది. అయితే గూబల చూపుకు ఒక లోపముంది. అవి ముక్కుకు మరీ దగ్గరగా ఉన్న వస్తువును స్పష్టంగా చూడలేవు. పట్టుకున్న ఆహారాన్ని ముక్కు చుట్టూ ఉండే సన్నని వెంట్రుకల వంటి ఈకలతో తడిమి తెలుసుకుంటాయి.

గూబ కన్ను మనిషి కన్నులాగా గోళాకారంలో ఉండదు. గొట్టంలాగా పొడవుగా ఉండి, చుట్టూ ఎముక వలయంతో బిగించబడి ఉంటుంది. అందువల్ల కనుగుడ్డును అటూ ఇటూ తిప్పడం దానికి సాధ్యం కాదు. పక్కకు చూడాలంటే తలనే తిప్పాలి. మనిషి మెడలో ఏడు వెన్నుపూసలుంటే గూబ మెడలో పద్నాలుగు ఉంటాయి. వాటి సాయంతో అది తలను ఒక్కొక్క వైపునకు 270 డిగ్రీల వరకు తిప్పగలదు. అంటే ఎడమవైపు నుంచి తిప్పడం మొదలుపెట్టి, వీపును దాటి, కుడి భుజం దాకా చూడగలదన్నమాట. తల గిరగిర చుట్టూ తిరుగుతుందనే మాట మాత్రం అతిశయోక్తి.

మనిషి మెడను అంత వేగంగా, అంత దూరం తిప్పితే మెదడుకు పోయే రక్తనాళాలు చిట్లిపోతాయి. గూబకు ఆ ప్రమాదం ఎందుకు కలగదో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో వివరించారు. గూబ వెన్నుపూసలలో రక్తనాళం సాగే రంధ్రం ఆ నాళంకంటె దాదాపు పది రెట్లు వెడల్పుగా ఉంటుంది. మెడ తిరిగినప్పుడు నాళం నలిగిపోకుండా కదలడానికి చోటు దొరుకుతుంది. అంతేగాక తలకు దిగువన రక్తనాళాలు వెడల్పై చిన్న చెరువుల్లాగా రక్తాన్ని నిలువచేసుకుంటాయి. మెడ పూర్తిగా మెలిపడిన క్షణంలో మెదడుకూ కళ్లకూ ఆ నిలువ అక్కరకు వస్తుంది.

తెలుగులో గూబ అనే మాటకు చెవి అనే అర్థం కూడా ఉంది. గూబ గుయ్యిమందనడం అందరూ ఎరిగినదే. గుడ్లగూబ అనే పేరులో గుడ్లు, గూబ రెండూ కలిసివచ్చాయి. ఈ కలయిక యాదృచ్ఛికమే కావచ్చు గాని ఆ పక్షికి ఇంతకంటె తగిన పేరు దొరకదు. ఎందుకంటే వేటలో గూబకు కళ్లు ఎంత ఉపయోగపడతాయో, చెవులు అంతకంటె ఎక్కువ ఉపయోగపడతాయి. తెల్లగూబ విషయంలో ఇది మరీ నిజం.

ఈ సంగతిని ప్రయోగపూర్వకంగా రుజువు చేసినవాడు రోజర్ పెయిన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు. తరువాతి కాలంలో తిమింగిలాల పాటలను లోకానికి వినిపించి ప్రఖ్యాతుడైనది ఈయనే. ఆయన ఏమాత్రం వెలుతురు చొరని గదిలో నేలపై ఎండుటాకులు పరచి తెల్లగూబను వదిలాడు. ఎలుక ఆకుల మీద కదలగానే గూబ ఆ కటికచీకటిలో ఎగిరివచ్చి గురి తప్పకుండా పట్టుకున్నది. వాసనను బట్టి గాని, ఎలుక ఒంటి వేడిని బట్టి గాని పట్టుకున్నదేమోననే అనుమానం రావచ్చు. అందుకని ఎలుకంత కాగితపు ఉండను ఆకుల మీద లాగి చూశాడు. గూబ దానినీ పట్టుకున్నది. ఒక చెవిని మూసినప్పుడు మాత్రం గురి తప్పింది. ఈ ఫలితాలను ఆయన 1971లో సవివరంగా ప్రకటించాడు.

దీని రహస్యం చెవుల అమరికలో ఉంది. తెల్లగూబ రెండు చెవులూ ఒకే ఎత్తులో ఉండవు. ఎడమ చెవి కాస్త పైన ఉండి కిందివైపు శబ్దాలను బాగా గ్రహిస్తుంది. కుడి చెవి కాస్త కిందుగా ఉండి పైవైపు శబ్దాలను గ్రహిస్తుంది. శబ్దం ఒక చెవికి మరొకదానికంటె క్షణంలో అత్యల్ప భాగం ముందుగా చేరుతుంది. ఆ తేడాను బట్టి ఎలుక ఏ పక్కన ఉందో గూబకు తెలుస్తుంది. శబ్దం ఏ చెవిలో గట్టిగా వినిపించిందో దానిని బట్టి పైన ఉందా కింద ఉందా అనేది తెలుస్తుంది. తమలపాకు వంటి ముఖం కేవలం అందం కోసం ఏర్పడినది కాదు. దాని అంచున దట్టంగా పేర్చినట్లున్న ఈకలు శబ్దాన్ని పోగుచేసి చెవులవైపు మళ్లిస్తాయి. చెవికి అరచేయి ఆనించి వినే మనిషి చేసే పని కూడా అదే. ఎరిక్ నూడ్సెన్, మసకజు కోనిషి అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1978లో ఇంకొక అడుగు ముందుకు వేసి, గూబ మెదడులో శబ్దాలు వచ్చే దిక్కులను చూపే ఒక పటమే ఉన్నదని కనుగొన్నారు.

ఇంత సూక్ష్మంగా వినాలంటే తన రెక్కల చప్పుడు తనకు అడ్డు రాకూడదు. గూబ రెక్క ముందు అంచున దువ్వెన పళ్ల వంటి నిర్మాణం ఉంటుంది. వెనుక అంచున మెత్తని కుచ్చులు, పైభాగాన ముఖమల్ వంటి నూగు ఉంటాయి. గాలి వాటి గుండా చీలి సాగడం వల్ల రెక్కల చప్పుడు దాదాపు వినిపించదు. పావురం ఎగిరితే పటపటమని వినిపిస్తుంది. గూబ తల పక్కనుంచి పోయినా తెలియదు. ఎలుకకు అది వచ్చేది తెలియకపోవడానికి కారణం ఇదే. పాడుబడిన మేడల్లో తెల్లని ఆకారమేదో చప్పుడు లేకుండా సాగిపోయిందని చెప్పే దయ్యాల కథలు కొన్ని ఇలా పుట్టి ఉంటాయి.

పట్టిన ఎలుకను గూబ సాధారణంగా నమలకుండా మింగుతుంది. అరగని ఎముకలు, బొచ్చు కడుపులో ఉండగా చుట్టుకొని కొన్ని గంటల తరువాత నోటి గుండా బయటికి వస్తాయి. గూబలున్న చెట్టు కింద, మేడల కింద ఇటువంటి బూడిదవన్నె ఉండలు రాలి కనబడతాయి. ఒక ఉండను నీళ్లలో నానబెట్టి విప్పితే పుర్రెలు, దవడలు విడివిడిగా దొరుకుతాయి. గూబ ఏమి తిన్నదో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు అనుసరించే పద్ధతి ఇదే. జంతుశాస్త్రం చదివే విద్యార్థికి ఇంతకంటె చవకైన ప్రయోగం లేదు.

ఇప్పుడు అన్నింటికంటె కష్టమైన ప్రశ్న. గూబ అరిస్తే ఇంట్లో ఎవరైనా చనిపోతారా? తెలుగు పల్లెల్లో ఈ నమ్మకం సామాన్యమైనది కాదు. గూబ ఇంట్లో దూరిందని నెలల తరబడి ఇల్లు పాడుపెట్టి వేరొక చోట తలదాచుకున్న కుటుంబాలున్నాయి. పేదవాడికి అది చిన్న నష్టం కాదు. ఈ నమ్మకానికి మూలమేమిటో ఊహించడం కష్టం కాదు. విద్యుద్దీపాలు లేని కాలంలో పొద్దుపోగానే ఊరంతా దీపాలార్పి పడుకునేది. రాత్రంతా దీపం వెలిగేది బాలింత ఉన్న ఇంట్లోనో, మంచం పట్టిన రోగి ఉన్న ఇంట్లోనో. దీపం చుట్టూ పురుగులు చేరతాయి. పురుగుల కోసం పైడికంటి వస్తుంది. జంటలో ఒకటి వచ్చి చూరు మీద వాలి అరిస్తే రెండవది బదులు పలుకుతుంది. మరునాడు రోగి కన్నుమూస్తే ఆ అరుపు అందరికీ గుర్తుంటుంది. రోగి కోలుకుని లేచి తిరిగితే ఆ అరుపును ఎవరూ గుర్తుపెట్టుకోరు. గూబల అరుపులకు పక్షి జీవితంలో వేరే అర్థాలున్నాయి. ఇది నా తావు అని హెచ్చరించడం, జతను పిలవడం, పిల్లలకు జవాబు చెప్పడం. పైడికంటి కలగాపులగంగా కిచకిచలాడుతుంది. కొమ్ముల గూబ గంభీరంగా బూ అని రెండు స్వరాలు పలుకుతుంది. తెల్లగూబ కీచుమని అరుస్తుంది. భయపడితే పాములాగా బుసకొడుతుంది.

గూబ సంసారం చూడవలసిన విషయం. గూబలు సాధారణంగా పుల్లలు పేర్చి గూడు కట్టవు. పైడికంటి తొర్రను వెదుక్కుంటుంది. తెల్లగూబ మేడ మూలలను, బావి గోడల్లోని బిలాలను చూసుకుంటుంది. కొమ్ముల గూబ బండల అరుగుల మీద, వాగు గట్ల మీద, పొద మాటున నేల మీదనే గుడ్లు పెడుతుంది. ఏ జాతి గూబ గుడ్డు అయినా తెల్లగా, కాస్త గుండ్రంగా ఉంటుంది. చీకటి తొర్రలో పెట్టే గుడ్డుకు మచ్చలూ రంగులూ అవసరం లేదు. ఆడపక్షి పొదుగుతుంటే మగపక్షి వేటాడి తెచ్చి పెడుతుంది. పైడికంటి మూడు నాలుగు గుడ్లు పెడుతుంది. సుమారు నెలకు పిల్లలవుతాయి. మరొక నెలకు అవి గూడు విడుస్తాయి. తెల్లగూబ నాలుగు నుంచి ఏడు గుడ్ల దాకా పెడుతుంది. దాని పిల్లలు ఎగరడానికి దాదాపు రెండు నెలలు పడుతుంది.

కోడి తన గుడ్లన్నీ పెట్టిన తరువాత పొదగడం మొదలుపెడుతుంది. అందుచేత దాని పిల్లలన్నీ ఇంచుమించు ఒకేసారి పుడతాయి. తెల్లగూబ అలా చేయదు. మొదటి గుడ్డు పెట్టగానే పొదగడం మొదలుపెట్టి, రెండు మూడు రోజులకొకటి చొప్పున తక్కినవి పెడుతుంది. పిల్లలు కూడా అదే వరుసలో పుడతాయి. ఒకే గూటిలో పెద్దపిల్లకు ఈకలు మొలుస్తుండగా చివరిపిల్ల అప్పుడే కళ్లు తెరుస్తూ ఉంటుంది. విశాఖపట్నం పిల్లలవలె నూగు తప్ప ఈకలు సరిగా లేని పిల్ల వికారంగా కనిపించడం సహజం. తల పెద్దది, మెడ బలహీనమైనది కనుక చిన్న పిల్లలు చంటిబిడ్డలాగా బోర్లా పడుకుని నిద్రపోతాయి. ఎలుకలు సమృద్ధిగా ఉన్న ఏట చివరిపిల్ల కూడా బతుకుతుంది. కరువు ఏట అది ఆకలితో చనిపోతుంది. ఒక్కొక్కప్పుడు తోబుట్టువులకే ఆహారమవుతుంది. ప్రకృతి లెక్క ఇంత కఠినంగా ఉన్నా అందులో వేరొక పార్శ్వం లేకపోలేదు. స్విట్జర్లాండులో తెల్లగూబ గూళ్లను ఏళ్లపాటు పరిశీలించిన శాస్త్రజ్ఞులు, తల్లిదండ్రులు దగ్గర లేని సమయంలో పిల్లలు ఒకదానితో ఒకటి అరుపులతో సంప్రదించుకుంటాయని కనుగొన్నారు. బాగా ఆకలిగొన్న పిల్ల ఎక్కువగా అరుస్తుంది. కడుపు నిండిన పిల్ల తగ్గి దారి ఇస్తుంది. పెద్దపిల్లలు తమ ముందున్న ఎలుకను చిన్నపిల్లకు అందించిన సందర్భాలు కూడా వారి పరిశీలనలో నమోదయ్యాయి.

నేలమీద గూబపిల్ల దొరికితే ఏం చేయాలనేది ఏటా వేసవికి ముందు ఎందరికో ఎదురయ్యే సమస్య. మనిషి తాకిన పిల్లను తల్లి చేరనీయదనే మాట నిజం కాదు. పక్షులు తమ పిల్లలను మనిషి వాసన కారణంగా వదిలిపెట్టవు. పైడికంటి పిల్ల అయితే దగ్గరలోనే తొర్ర ఉంటుంది. గాయం లేకుంటే దానిని తొర్రలోనో, కుక్కలకూ పిల్లులకూ అందని కొమ్మ మీదనో ఉంచి దూరంగా జరిగితే చాలు. చీకటి పడగానే తల్లిదండ్రులు వస్తాయి. కొమ్ముల గూబ పిల్ల నెల దాటగానే ఇంకా ఎగరలేకపోయినా గూటి నుంచి నడిచి బయలుదేరుతుంది. అది తప్పిపోయిన పిల్ల కాదు. దగ్గరకు పోతే రెక్కలను గొడుగులాగా విప్పి, ముక్కు టకటకలాడించి బెదిరిస్తుంది. దానిని అక్కడే వదిలిపెట్టడం మేలు. తెల్లగూబ విషయం వేరు. అది కొమ్మల మీద మసలే పిల్ల కాదు. ఎగరగలిగే దాకా గూటిలోనే ఉండాలి. నేల మీద పడినదానిని తిరిగి గూటికి చేర్చకపోతే బతకడం కష్టం. ఏ పిల్లకూ పాలు పోయకూడదు, అన్నం పెట్టకూడదు. అది మాంసాహారి. నోరు తెరిచి నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి చనిపోవచ్చు. దెబ్బ తగిలినదయితే గాలి ఆడే అట్టపెట్టెలో చీకటిగా ఉంచి అటవీ శాఖవారికి కబురు చేయాలి. ముచ్చటపడి పెంచుకోవడం చట్టరీత్యా నేరం.

రైతుకు గూబ చేసే మేలు అంకెలు వేసి చెప్పవలసిన పని లేదు. పిల్లలున్న తెల్లగూబ జంట ఒక్క రాత్రిలో పదికి పైగా ఎలుకలను గూటికి చేర్చగలదు. వరి పొట్ట మీద ఉన్నప్పుడు ఎలుకలు చేసే పాడు ఎంతటిదో కృష్ణా గోదావరి డెల్టాల రైతులకు తెలుసు. మలేసియాలో ఆయిల్‌పామ్ తోటల యజమానులు ఎలుకల బాధ తగ్గించడానికి తెల్లగూబలకు చెక్కపెట్టెలతో గూళ్లు అమర్చారు. ఇజ్రాయెల్‌లో 1983లో ఒక వ్యవసాయ క్షేత్రంలో ఇటువంటి పెట్టెలు పెట్టడం మొదలయింది. 2002లో పొరుగున ఉన్న జోర్డాన్ రైతులు కూడా ఆ ప్రయత్నంలో చేరారు. సరిహద్దుకు ఇరువైపులా ఉన్న ఎలుకలను ఒకే గూబ వేటాడుతుంది మరి. తెలుగు రాష్ట్రాల్లో వ్యవసాయాధికారులు పొలాల్లో పక్షి స్థావరాలు పెట్టమని సలహా ఇస్తారు. ఒక కర్రకు అడ్డంగా మరొక కర్ర కట్టి పొలంలో పాతితే పగలు ఏట్రింతలు వాలి పురుగులను ఏరుతాయి. రాత్రి గూబలు వాలి ఎలుకలను పడతాయి. దీనికయ్యే ఖర్చు దాదాపు శూన్యం. అయితే ఒక చేత్తో స్థావరం పాతి, రెండవ చేత్తో బ్రోమాడియోలోన్ వంటి మందు కలిపిన ఎరలు పెడితే ఫలితం తారుమారవుతుంది. ఆ మందు తిన్న ఎలుక వెంటనే చావదు. కొన్ని రోజులు మందకొడిగా తిరుగుతుంది. గూబకు తేలికగా దొరికేది అటువంటి ఎలుకే. ఎలుక ఒంట్లోని విషం గూబ ఒంట్లో చేరి దానినీ చంపుతుంది.

గూబలకు మందుకంటె ఘోరమైన ముప్పు మంత్రగాళ్ల వల్ల కలుగుతోంది. ధనప్రాప్తి కోసమని, వశీకరణం కోసమని వాటి కళ్లు, గోళ్లు, ఎముకలు అమ్ముతారు. దీపావళి దగ్గరపడే కొద్దీ ఉత్తర భారతంలో ఈ వ్యాపారం పెరుగుతుంది. లక్ష్మీదేవి వాహనమని పూజించవలసిన పక్షినే ఆమె అనుగ్రహం కోసమని బలి ఇవ్వడం ఈ మూఢత్వంలోని వైపరీత్యం. వన్యప్రాణుల వ్యాపారాన్ని గమనించే ట్రాఫిక్ సంస్థ 2010లో వెలువరించిన నివేదికలో పదిహేను జాతుల గూబలు అంగళ్లలోకి చేరుతున్నట్లు తేలింది. కొమ్ముల వంటి కుచ్చులున్న గూబలకు గిరాకీ ఎక్కువ. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం గూబలను పట్టడాన్ని, చంపడాన్ని, అమ్మడాన్ని నిషేధించింది. చట్టం ఉన్నా వ్యాపారం చాటుమాటుగా సాగుతూనే ఉంది.

ఊరి మధ్య బతికే గూబల గతి ఇలా ఉండగా, అడవిలో బతికే ఒక జాతి మనుషుల కంటికే కనబడకుండా పోయింది. అది అడవి పైడికంటి. 1872లో నేటి ఛత్తీస్‌గఢ్ ప్రాంతంలో బ్లెవిట్ అనే అధికారి దాని నమూనాను సేకరించగా, పక్షిశాస్త్రజ్ఞుడు హ్యూమ్ మరుసటి ఏడాది దానిని కొత్త జాతిగా వర్ణించి బ్లెవిట్ పేరు పెట్టాడు. తరువాత మరికొన్ని నమూనాలు దొరికాయి. 1884 తరువాత అది నమ్మదగిన విధంగా ఎవరికీ కనబడలేదు. 1914లో గుజరాత్‌లో తాను ఒకదానిని సేకరించానని మైనర్ట్‌జాగన్ అనే బ్రిటిష్ సైనికాధికారి చెప్పుకున్నాడు. ఆ మాట నమ్మి వెదికినవారికి నిరాశే మిగిలింది. దశాబ్దాల తరువాత పమేలా రాస్ముసెన్ అనే అమెరికా శాస్త్రజ్ఞురాలు మ్యూజియంలలోని నమూనాలను నిశితంగా పరీక్షించి అసలు సంగతి బయటపెట్టింది. ఆ అధికారి మ్యూజియం నుంచే ఒక పాత నమూనాను దొంగిలించి, తిరిగి సవరించి, దానికి కొత్త చీటీ అతికించాడు. అబద్ధపు చిరునామా తొలగిపోగానే వెదకవలసిన చోట్లు తేలాయి. 1997 నవంబరు 25న ఆమె, ఆమె సహచరులు మహారాష్ట్రలోని షహాదా సమీపపు అడవిలో దానిని ప్రత్యక్షంగా చూశారు. 113 ఏళ్ల తరువాత కనబడిన ఆ గూబ పట్టపగలు, ఆకులు రాలిన చెట్టు మీద ఎండలో కూర్చుని ఉంది. దివాంధమనే పేరుకు ఇంతకంటె గట్టి ఖండన అక్కరలేదు.

ఆ తరువాత మెల్ఘాట్‌లోను, మధ్యభారతంలోని మరికొన్ని టేకు అడవుల్లోను అది కనబడింది. ప్రపంచ పరిరక్షణ సంఘం దానిని మొదట అత్యంత ప్రమాదస్థితిలో ఉన్న జాతిగా పేర్కొని, మరిన్ని చోట్ల ఉనికి తెలిసిన మీదట 2018లో ఒక మెట్టు తగ్గించి ప్రమాదస్థితిలోని జాతిగా నమోదు చేసింది. అది గుడ్లు పెట్టేది ముదురు చెట్ల తొర్రల్లో. టేకు అడవుల్లో వంటచెరకు కోసం, సాగు కోసం మొదట కూలుతున్నవి ఆ చెట్లే.